మీ టెనెంట్‌ను ఒకసారి పాడుచేసుకోండి

(విజయవాడలో డెస్క్‌టాప్ సపోర్ట్, సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగులు పెట్టుకున్న ఒక సాయంకాలపు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుస వాళ్ళకి వినపడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గిస్తే నా కాగితాలు ఎగరకుండా ఉంటాయి. ఆ, థాంక్స్ బాబూ.

నన్ను పిలిచినవాళ్ళు "ఎంఎస్-102 పరీక్ష ఎలా పాసవ్వాలో చెప్పండి మేడమ్" అన్నారు. అదే, ఆఫీసుల్లో మైక్రోసాఫ్ట్ 365 చూసుకునే అడ్మిన్ల సర్టిఫికెట్ పరీక్ష. ఎలా తప్పానో కూడా చెప్పనిస్తేనే వస్తానన్నాను. మొదటిసారి నాకు 648 వచ్చింది. పాసవ్వాలంటే వెయ్యికి 700 రావాలి. అప్పటికే పదకొండేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. ప్రింటర్లో కాగితం ఇరుక్కోవడం దగ్గర్నుంచి మెయిల్ సర్వర్ పడిపోవడం దాకా అన్నీ చూసినదాన్ని. ఆ అంకె చూశాక ల్యాప్‌టాప్ మూసేసి, ఆ పూటకి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

ఎందుకు తప్పానో తర్వాత నిదానంగా తెలిసింది. నాకు పని వచ్చు. కానీ మా ఆఫీసులో ఆ పని ఎలా చేస్తామో అంతవరకే వచ్చు. మాది ఎలాంటి ఆఫీసంటే, ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా గ్లోబల్ అడ్మిన్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న అకౌంటుతో, లాగిన్ అయిపోయి బాగుచేసేయడమే. ఇంటి తాళాలన్నీ ఒకే గుత్తికి తగిలించి, ఆ గుత్తి నడుముకి దోపుకుని తిరిగే అత్తగారిలా ఉండేదాన్ని. (నవ్వులు) పరీక్ష మాత్రం, ఈ పనికి ఆ గుత్తిలో ఏ ఒక్క తాళంచెవి చాలు అని అడుగుతుంది.

ముందు పరీక్ష సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, కొత్తవాళ్ళు ఉన్నారు కాబట్టి. 2023లో ఎంఎస్-100, ఎంఎస్-101 అనే రెండు పరీక్షలను తీసేసి, వాటి స్థానంలో ఈ ఒక్కటి పెట్టారు. ఇది పాసైనంత మాత్రాన 'అడ్మినిస్ట్రేటర్ ఎక్స్‌పర్ట్' సర్టిఫికెట్ రాదు. దానితోపాటు ఇంకొకటి కావాలి. టీమ్స్ అడ్మిన్ పరీక్ష ఎంఎస్-700 గానీ, ల్యాప్‌టాప్‌లూ ఫోన్లూ చూసే ఎండ్‌పాయింట్ పరీక్ష ఎండీ-102 గానీ, ఐడెంటిటీ పరీక్ష ఎస్‌సీ-300 గానీ అలాంటిదన్నమాట. ఎంఎస్-102లో నాలుగు భాగాలు. టెనెంట్, అంటే మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో ఒక కంపెనీకి ఉండే సొంత చోటు, దాని ఏర్పాటు, నిర్వహణ ఒకటి. ఎంట్రా ఐడీ, అంటే యూజర్లూ లాగిన్లూ, రెండోది. డిఫెండర్‌తో రక్షణ మూడోది. పర్‌వ్యూతో డేటా నియమాలు నాలుగోది. ఏ భాగానికి ఎంత వెయిటేజీ అన్నది మారుతూ ఉంటుంది. అధికారిక స్టడీ గైడ్ పేజీలో ఉంటుంది, చదవడం మొదలుపెట్టిన రోజు ఒకసారి, పరీక్షకు వారం ముందు ఇంకొకసారి చూసుకోండి.

ఇక్కడ పేర్ల గొడవ ఒకటుంది. 2011లో ఆఫీస్ 365 అని వచ్చింది, 2017లో మైక్రోసాఫ్ట్ 365 అన్న కొత్త పేరు తెచ్చారు. అజూర్ యాక్టివ్ డైరెక్టరీకి 2023లో ఎంట్రా ఐడీ అని పేరు మార్చారు. యూట్యూబ్‌లో మీరు చూసే మంచి మంచి వీడియోల్లో సగం పాత పేర్లతోనే ఉంటాయి. వీడియో పాతదని పక్కన పెట్టకండి, కానీ ఒక నోటుబుక్కులో పాత పేరు ఎదురుగా కొత్త పేరు రాసుకోండి. మా ఊళ్ళో ఇప్పటికీ బస్టాప్‌ని ఎప్పుడో పడగొట్టిన సినిమాహాలు పేరుతోనే పిలుస్తారు. తెలిసినవాళ్ళకి ఇబ్బంది లేదు, కొత్తగా వచ్చినవాడే తిరగాలి.

ఇప్పుడు అసలు విషయం. ప్రశ్న ఎలా ఉంటుందో నేను సొంతంగా అల్లి చెప్తాను. ఒక కంపెనీలో హెల్ప్‌డెస్క్‌లో ఒక అమ్మాయి చేరింది. మామూలు ఉద్యోగుల పాస్‌వర్డులు రీసెట్ చేయాలి, మైక్రోసాఫ్ట్‌కి సర్వీస్ టికెట్లు కూడా వేయాలి. అవసరమైన దానికంటే ఎక్కువ అధికారం ఇవ్వకూడదు. ఏ రోల్ ఇస్తారు? గ్లోబల్ అడ్మినిస్ట్రేటర్, యూజర్ అడ్మినిస్ట్రేటర్, హెల్ప్‌డెస్క్ అడ్మినిస్ట్రేటర్, పాస్‌వర్డ్ అడ్మినిస్ట్రేటర్. చెప్పండి.

(సభలో కొందరు: "పాస్‌వర్డ్!")

చూశారా, నేనూ అలాగే పడ్డాను. పాస్‌వర్డ్ అన్న మాట కనపడగానే చెయ్యి అటు వెళ్ళిపోతుంది. పాస్‌వర్డ్ అడ్మిన్‌కి సర్వీస్ టికెట్లు వేసే అధికారం లేదు. హెల్ప్‌డెస్క్ అడ్మిన్‌కి ఉంది. యూజర్ అడ్మిన్ కూడా చేయగలడు, కానీ అతను యూజర్లను సృష్టించగలడు, తీసేయగలడు, అంత అక్కర్లేదు. నాలుగింట్లో మూడు రోల్స్‌తో పని జరుగుతుంది, జవాబు మాత్రం ఒకటే. మన ఆఫీసుల్లో "పని అయిందా లేదా" అన్నదే లెక్క. ఇక్కడ ఎంత తక్కువలో అయింది అన్నది లెక్క. ప్రశ్న చివర్లో 'తక్కువ అధికారంతో' అంటాడా, 'తక్కువ శ్రమతో' అంటాడా, 'తక్కువ ఖర్చుతో' అంటాడా, ముందు ఆ వాక్యం చదవండి. అదొక్కటి మారితే అదే ప్రశ్నకి జవాబు మారిపోతుంది.

ఇది పుస్తకం చదివితే రాదు. అందుకే మీ సొంత టెనెంట్ పెట్టుకోమంటాను. ఆఫీసు టెనెంట్‌లో ప్రయోగాలు చేయకండి, ఉద్యోగం పోతుంది. ట్రయల్ తీసుకోండి, ఒక నెల వస్తుంది. అందుకని ట్రయల్ మొదలుపెట్టకముందే చదవాల్సింది చదివి, ఏ రోజు ఏం చేయాలో కాగితం మీద రాసుకోండి. చాలామంది ముందు ట్రయల్ నొక్కేస్తారు, పెళ్ళిళ్ళ సీజన్ వస్తుంది, నెల అయిపోతుంది.

టెనెంట్ వచ్చాక దాన్ని ఎలా పాడుచేయాలో నా అనుభవం చెప్తాను. కండిషనల్ యాక్సెస్ అని ఉంటుంది. ఎవరు, ఎక్కడి నుంచి, ఏ పరికరంతో వస్తే లోపలికి రానివ్వాలో చెప్పే నియమం. దానికి ఎంట్రా ఐడీ పీ1 లైసెన్స్ ఉండాలి. లాగిన్ అనుమానాస్పదంగా ఉందా అని రిస్కు చూసి ఆపాలంటే పీ2 కావాలి, ఈ తేడా పరీక్షలో తప్పకుండా అక్కరకొస్తుంది. నేను చాలా తెలివిగా ఒక పాలసీ రాశాను. అందరు యూజర్లు, అన్ని యాప్‌లు, మా ఇంటి ఇంటర్నెట్ అడ్రస్ తప్ప ఎక్కడినుంచి వచ్చినా బ్లాక్. సేవ్ చేసే ముందు అది హెచ్చరించింది, నీ అకౌంటు కూడా ఇందులో ఇరుక్కుంటుంది, చూసుకో అని. నిన్ను మినహాయించుకో అని కూడా అడిగింది. నాకు తెలుసులే అని, 'అయినా కానివ్వు' అన్నదాన్ని నొక్కాను. ఇంటి నుంచే కదా చేస్తున్నాను, ఏమవుతుంది?

రాత్రి కరెంటు పోయింది. (నవ్వులు) నవ్వుతున్నారంటే మీకు అర్థమైపోయింది. కరెంటు వచ్చింది, రూటర్ మళ్ళీ వెలిగింది, బ్రాడ్‌బ్యాండ్ వాడు కొత్త ఐపీ అడ్రస్ ఇచ్చాడు. పొద్దున లాగిన్ అవ్వబోతే నా ఇంటికి నేనే పరాయిదాన్ని. ఆ టెనెంట్ సృష్టించింది నేను, గ్లోబల్ అడ్మిన్ నేను, బయట నిలబడ్డది నేను. ట్రయల్ కాబట్టి వదిలేసి ఇంకోటి పెట్టుకున్నాను. అదే నాలుగు వందల మంది ఉన్న కంపెనీ అయ్యుంటే?

ఆ రోజు నుంచి మూడు సంగతులు నాకు బట్టీ పట్టే అవసరం లేకుండా పోయాయి. అత్యవసరానికి రెండు అకౌంట్లు విడిగా పెట్టుకోవాలి, మామూలు రోజుల్లో వాటిని ముట్టుకోకూడదు, ఇలాంటి పాలసీల నుంచి మినహాయించాలి. కొత్త పాలసీని మొదట 'రిపోర్ట్ ఓన్లీ'లో పెట్టి, ఎవరెవరు ఇరుక్కుంటున్నారో చూసి, అప్పుడు ఆన్ చేయాలి. ఇక గ్లోబల్ అడ్మిన్లు అయిదుగురికంటే తక్కువ ఉండాలని మైక్రోసాఫ్టే చెప్తుంది. రెండోసారి పరీక్షలో కండిషనల్ యాక్సెస్ ప్రశ్న వచ్చినప్పుడు నాకు చదివింది గుర్తు రాలేదు, ఆ రాత్రి పోయిన కరెంటు గుర్తొచ్చింది.

ఇలాంటివే చిన్నవి ఇంకో రెండు. పవర్‌షెల్‌తో, అంటే కమాండ్లు టైపు చేసి పని చేయించే టూల్‌తో, ఓ ఇరవై మంది యూజర్లను సృష్టించండి. సృష్టించి, లైసెన్స్ ఇవ్వబోండి. ఎర్రర్ వస్తుంది. ఎందుకంటే యూజర్ ఏ దేశంలో వాడతాడో, ఆ 'యూసేజ్ లొకేషన్' మీరు నింపలేదు. అడ్మిన్ సెంటర్ తెరలో చేసినప్పుడు అదే అడుగుతుంది కాబట్టి మనకు ఎప్పుడూ తట్టదు. స్క్రిప్టులో ఎవరూ అడగరు. ఈమధ్య ఒక ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చున్నప్పుడు, మంచి సర్టిఫికెట్లున్న ఒక అబ్బాయిని ఇదే అడిగాను. "లైసెన్సులు అయిపోయుంటాయి మేడమ్" అన్నాడు. ఉన్నాయయ్యా అన్నాను. ఇక మాట లేదు.

రెండోది మన చిన్న కంపెనీల జబ్బు. ఎప్పుడో సర్వర్ పెట్టినప్పుడు డొమైన్ పేరు చివర 'డాట్ లోకల్' అని పెట్టి వదిలేస్తారు. దాన్ని క్లౌడ్‌కి సింక్ చేస్తే, ఆ పేరు ఇంటర్నెట్‌లో చెల్లదు కాబట్టి అందరి లాగిన్లూ 'ఆన్‌మైక్రోసాఫ్ట్ డాట్ కామ్' తోకతో వచ్చి కూర్చుంటాయి. సోమవారం పొద్దున ఎండీ గారు ఫోన్ చేసి, నా మెయిల్ ఐడీ ఇదేంటి అంటారు. క్లౌడ్‌లో మార్చబోతే మారదు. మీ ఆఫీసు సర్వర్‌లో సరైన సఫిక్స్, అంటే @ తర్వాత రావాల్సిన అసలు డొమైన్ పేరు, జోడించి, అక్కడ యూజర్ పేరు మార్చాలి. సింక్ చేసిన యూజర్‌కి యజమాని ఆఫీసులో ఉన్న ఆ సర్వరే. కాలువలో నీళ్ళు బురదగా వస్తున్నాయంటే పొలంలో చూసి లాభం లేదు, పైన తూము దగ్గర చూడాలి. మార్చాక కంగారు పడి పదిసార్లు రిఫ్రెష్ కొట్టకండి, సింక్ మామూలుగా అరగంటకోసారి నడుస్తుంది. పాస్‌వర్డ్ మార్పు మాత్రం రెండు నిమిషాలకోసారి వెళ్తుంది. ఈ రెండు అంకెలు గుర్తుంటే ఒక ప్రశ్నకి జవాబు తెలిసినట్టే.

డిఫెండర్ గురించి ఎక్కువ చెప్పను. మీలో చాలామంది మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని తేల్చే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులతో రోజూ కుస్తీ పడుతున్నవాళ్ళే. సేఫ్ లింక్స్ ఏం చేస్తుంది, సేఫ్ అటాచ్‌మెంట్స్ ఏం చేస్తుంది, మెయిల్ క్వారంటైన్‌లో పడితే ఎవరు విడిపించగలరు, ఇవి చేతితో ఒకసారి చేసి చూడండి చాలు.

పర్‌వ్యూ దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే అక్కడే మనవాళ్ళు ఎక్కువ మార్కులు పోగొట్టుకుంటారు. డేటా ఎన్నాళ్ళు ఉంచాలి, ఎప్పుడు తీసేయాలి అన్నది లాయర్ల పని అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను, ఒక జూలై నెల వరకు.

నేను చూసే ఒక చిన్న ఆఫీసులో అకౌంట్స్ చూసే ఆయన ఏప్రిల్‌లో మానేశారు. ఖర్చు తగ్గించమన్నారు కదా అని ఆయన లైసెన్స్ తీసి కొత్తగా వచ్చిన ఆయనకి ఇచ్చాను. జూలైలో ఆడిటర్ గారు వచ్చి, ఫలానా సప్లయర్‌తో జీఎస్టీ గురించి నడిచిన మెయిళ్ళు కావాలన్నారు. తెరిచి చూస్తే మెయిల్‌బాక్స్ లేదు. లైసెన్స్ తీశాక 30 రోజులు ఉంచుతుంది, తర్వాత పోతుంది. యూజర్‌నే డిలీట్ చేసినా అంతే, 30 రోజుల్లోపు అయితే వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ సప్లయర్‌ని బతిమాలి, వాళ్ళ వైపునుంచి మెయిళ్ళు తెప్పించుకోవడానికి రెండు వారాలు పట్టింది. నన్ను ఎవరూ తిట్టలేదు. ఆ రెండు వారాలూ మా మేనేజర్ గారు నాకు 'గుడ్ మార్నింగ్' చెప్పలేదు, అంతే.

ఏం చేసుండాల్సింది? లైసెన్స్ తీసే ముందు దాన్ని షేర్డ్ మెయిల్‌బాక్స్‌గా, అంటే కొందరు కలిసి తెరుచుకునే మెయిల్‌బాక్స్‌గా, మార్చుండాల్సింది. 50 జీబీ దాకా లైసెన్స్ లేకుండానే ఉంటుంది. లేదా ముందే చెరగకుండా ఆపే హోల్డ్ గానీ, ఎన్నాళ్ళు ఉంచాలో చెప్పే రిటెన్షన్ పాలసీ గానీ వేసి ఉంటే, యూజర్‌ని తీసేసినా అది 'ఇనాక్టివ్ మెయిల్‌బాక్స్'గా మిగిలిపోయేది. పరీక్షలో ఇదే కథ వేరే పేర్లతో వస్తుంది. ఉద్యోగి వెళ్ళిపోయాడు, మెయిళ్ళు ఏడేళ్ళు ఉండాలి, లైసెన్స్ ఖర్చు ఉండకూడదు, ఏం చేస్తారు? అక్కడ షేర్డ్ మెయిల్‌బాక్స్ అని రాసేసి వెళ్ళిపోకండి. షేర్డ్ మెయిల్‌బాక్స్‌ని తెరిచే అధికారం ఉన్న ఎవరైనా అందులో మెయిల్ చెరిపేయొచ్చు. ఏడేళ్ళు కచ్చితంగా ఉండాలంటే రిటెన్షన్ కావాలి.

దీనికి తోడు ఇంకొక సూత్రం. ఒకే మెయిల్ మీద రెండు పాలసీలు పడితే ఏది గెలుస్తుంది? ఒకటి రెండేళ్ళకి చెరిపేయమంది, ఇంకొకటి ఏడేళ్ళు ఉంచమంది. ఉంచమన్నదే గెలుస్తుంది. ఉంచమన్నవి రెండుంటే ఎక్కువ కాలం ఉంచమన్నది గెలుస్తుంది. మా అమ్మమ్మ ఇంట్లో పాత సామాను సంగతి కూడా ఇంతే. పారేయమని నలుగురు అన్నా, ఉంచమని ఒక్కరంటే అటక మీదే.

సరే, పరీక్ష రోజు గురించి. నేను మొదటిసారి ఇంటి నుంచే రాశాను. కెమెరా ముందు గది నాలుగు వైపులా ఫొటోలు తీసి పంపాలి, టేబుల్ మీద ఏమీ ఉండకూడదు. పది నిమిషాలు కాకముందే, ఆన్‌లైన్‌లో కాపలా కాసే ప్రాక్టర్ నుంచి చాట్‌లో మెసేజ్ వచ్చింది, మీరు పైకి చదువుతున్నట్టున్నారు, ఆపండి అని. నాకు పెదాలు కదుపుతూ చదివే అలవాటు. చిన్నప్పుడు ఎక్కాలు అలాగే నేర్చుకున్నాం మరి. అది ఆపుకోవడంలో సగం బుర్ర పోయింది. రెండోసారి సెంటర్‌కి వెళ్ళాను, ప్రశాంతంగా ఉంది. మీ ఇంట్లో తలుపు గడియ గట్టిగా ఉండి, ఇన్వర్టర్ ఉంటే ఇంటి నుంచి రాయండి.

పేరు సంగతి మన తెలుగువాళ్ళకి ప్రత్యేకం. పరీక్షకు రిజిస్టర్ అయిన పేరు, గుర్తింపు కార్డులో పేరు ఒకటే ఉండాలి. మనకు కార్డులో ఇంటిపేరు ముందుంటుంది, ఇంకో కార్డులో ఒట్టి అక్షరం ఉంటుంది, మెయిల్ ఐడీలో ఇంకోలా ఉంటుంది. పరీక్ష బుక్ చేసే ముందు ప్రొఫైల్ తెరిచి సరిచూసుకోండి. గేటు దగ్గర టెన్షన్ పడేది చదువు గురించి కాకుండా ఇంటిపేరు గురించి అయితే ఎంత అన్యాయం!

ఇంకొకటి, చాలామందికి తెలియదు. పరీక్ష మన భాషలో లేదు, ఇంగ్లీషులో రాస్తున్నాం కాబట్టి 30 నిమిషాలు అదనంగా ఇమ్మని అడగొచ్చు. కాకపోతే బుక్ చేయడానికి ముందే దరఖాస్తు పెట్టుకోవాలి, తర్వాత అడిగితే ఇవ్వరు. ఇందులో నామోషీ ఏమీ లేదు. అర పేజీ కేస్ స్టడీ చదివి, అందులో ఎవరు ఏ బ్రాంచిలో ఉన్నారో గుర్తుపెట్టుకోవడానికి మనకు ఆ అరగంట కావాలి.

పరీక్షలో మైక్రోసాఫ్ట్ లర్న్ సైట్ తెరిచి చూసుకోనిస్తారు. 2023 నుంచి ఆ సదుపాయం ఉంది. విని సంబరపడకండి, మీరు వెతుకుతున్నంతసేపూ గడియారం తిరుగుతూనే ఉంటుంది. ఏ రోల్‌కి ఏ అధికారం ఉంది, ఏ లైసెన్స్‌లో ఏది వస్తుంది లాంటి పట్టికల కోసం రెండు మూడుసార్లు వెళ్ళొచ్చు. ఆ పేజీ పేరు ముందే తెలిసుండాలి. తెలియని విషయాన్ని అక్కడ నేర్చుకుందాం అనుకుంటే తెల్లారినట్టే.

'అవును, కాదు' ప్రశ్నల వరస ఒకటి వస్తుంది. ఒకే సమస్య, ఒక్కొక్క పరిష్కారం చూపించి సరిపోతుందా అని అడుగుతాడు. వాటిల్లో వెనక్కి వెళ్ళడానికి లేదు. మూడింటికీ 'కాదు' వచ్చినా భయపడకండి, అలా కూడా ఉండొచ్చు. తప్పు జవాబుకి మార్కులు కొయ్యరు కాబట్టి దేన్నీ ఖాళీగా వదలొద్దు.

నేను చెప్పాలనుకున్నవి ఇవి. ప్రశ్నలుంటే అడగండి.

(సభ నుంచి: మేడమ్, డంప్స్ చదివితే సరిపోదా? అందరూ అదే చేస్తున్నారు.)

డంప్స్ అంటే బయటికి లీకైన పరీక్ష ప్రశ్నలూ జవాబులూ, తెలియనివాళ్ళకి చెప్తున్నాను. అందరూ కాదు, కానీ చాలామంది చదువుతారు. నేను కూడా అమీర్‌పేటలో చదువుకున్నదాన్నే. ఎంసీఎస్ఈ అనే పాత మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ రోజుల్లో మైత్రీవనం సందుల్లో జిరాక్సు షాపులో దొరికేవి. ఇప్పుడు టెలిగ్రామ్‌లో దొరుకుతున్నాయి, అంతే తేడా. పట్టుబడితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు, మళ్ళీ రాయనివ్వకపోవచ్చు. అది పక్కన పెట్టండి. ఆ జవాబుల్లో చాలా తప్పులుంటాయి, పేర్లు మారిన పాత ప్రశ్నలుంటాయి. నేను తప్పిన మొదటిసారి నా దగ్గరా ఒక ఫైలు ఉంది, దాచడం దేనికి. ఎనభై పేజీలు. లర్న్ సైట్‌లో ఉచితంగా ప్రాక్టీస్ టెస్ట్ ఉంది. తప్పు జవాబు పెడితే ఎందుకు తప్పో కూడా చెప్తుంది. నేను దాన్ని రెండోసారికి గానీ తెరవలేదు.

(సభ నుంచి: తప్పితే ఎన్ని రోజులాగాలి?)

మొదటిసారి తప్పితే 24 గంటలు చాలు. ఆ తర్వాత నుంచి ప్రతిసారీ 14 రోజులు. ఏడాదిలో అయిదుసార్లు వరకే. ఫీజు ప్రతిసారీ కట్టాలి, కాబట్టి 24 గంటలకే రోషంతో బుక్ చేయకండి. నేను అయిదు వారాలు ఆగాను. స్కోర్ రిపోర్టులో ఏ భాగంలో బలహీనమో బార్లు గీసి చూపిస్తాడు. నాకు పర్‌వ్యూ బారు కనపడీ కనపడనట్టుంది.

(సభ నుంచి: ఒకసారి పాసైతే జీవితాంతం ఉంటుందా అక్కా?)

లేదమ్మా, ఏడాదే. గడువుకి ఆరు నెలల ముందు నుంచి రెన్యువల్ తెరుచుకుంటుంది. అది ఉచితం, ఇంట్లో కూర్చుని, పుస్తకం చూసి రాయొచ్చు. ఆ మెయిల్ ఏ ఐడీకి వస్తుందో చూసుకో. ఆఫీసు ఐడీతో రిజిస్టర్ అయ్యి, ఉద్యోగం మారాక సర్టిఫికెట్ ఎక్కడుందో తెలియక తిరిగినవాళ్ళున్నారు. సొంత ఐడీతో చేసుకో.

(సభ నుంచి: ట్రయల్‌కి కార్డు అడుగుతోంది మేడమ్, డబ్బులు కట్ అవుతాయా?)

అడుగుతుంది. ట్రయల్ తీసుకున్న రోజే బిల్లింగ్ పేజీకి వెళ్ళి రికరింగ్ బిల్లింగ్ ఆపేయండి. ఆపినా నెలంతా వాడుకోవచ్చు. ఆ పేజీ ఎక్కడుందో వెతకడం కూడా సిలబస్‌లో భాగమే అనుకోండి. అది అయ్యాక రెండో పని, ఆ రెండు అత్యవసర అకౌంట్లు సృష్టించి, పాస్‌వర్డులు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. మా ఇంట్లో ఆ కాగితం ఇప్పటికీ గ్యాస్ బుక్కులో ఉంది.